బల్ల మీద రిలే సరే, 230 వోల్టులు ఎందుకు?

రిలే అనగానే మనలో చాలామందికి మొదట గుర్తొచ్చేది కలెక్టరేట్ ముందు టెంటు. రిలే నిరాహార దీక్షలు. ఇవాళ కూర్చున్నవాళ్లు సాయంత్రానికి నిమ్మరసం తాగి లేస్తారు, రేపు ఇంకో బ్యాచ్ కూర్చుంటుంది, దీక్ష మాత్రం సాగుతూనే ఉంటుంది. ఆ తర్వాత గుర్తొచ్చేది స్పోర్ట్స్ డే రోజు రిలే పరుగు. ఎలక్ట్రికల్ రిలే కూడా ఆ బాపతే గానీ ఒక్క తేడా ఉంది. పరుగులో కర్ర చేతులు మారుతుంది. రిలేలో చేతులు మారేది ఏదీ ఉండదు. ఇటువైపు కరెంటు ఇటే తిరుగుతుంది, అటువైపు కరెంటు అటే తిరుగుతుంది. మధ్యలో ఉండేది ఒక కాయిల్, ఒక ఇనప రేకు, ఒక స్ప్రింగు. కాయిల్‌లో కరెంటు పారితే అది అయస్కాంతమై రేకుని లాగుతుంది, రేకు అటువైపు స్విచ్‌ని మారుస్తుంది. మనకి వినపడే 'టిక్' అదే.

ఇంత సింపుల్ వస్తువు గురించి సాహిత్య క్లబ్ పత్రికలో వ్యాసం ఏంటి అనొచ్చు మీరు. కారణం ఉంది. మన కాలేజీ నుంచి ప్రతి ఏడాది కొంతమందిమి ఊళ్లలోని హైస్కూళ్లకి వెళ్తుంటాం. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవం దగ్గర పడే కొద్దీ ఫోన్లు పెరుగుతాయి. "అన్నా, ఒక వర్కింగ్ మోడల్ చేసిపెట్టన్నా" అని. 2016లో నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ ల్యాబులు మొదలుపెట్టినప్పటి నుంచి చాలా బళ్లలో ఆర్డుయినోలు, సెన్సర్లు మామూలైపోయాయి. ల్యాబు లేని బడి పిల్లలు కూడా ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించుకుంటున్నారు. చాలా సంతోషం. కానీ మాది ముత్తుకూరు కాబట్టి ఆ చుట్టుపక్కల బళ్లకి నేను ఎక్కువ వెళ్తుంటాను, వెళ్లిన ప్రతిచోటా ఒకే మోడల్ కనపడుతోంది. చెక్క పలక మీద బల్బు హోల్డర్, పక్కన నీలం డబ్బా ఉన్న రిలే మాడ్యూల్, దానికి రెండు వైర్లు మెలేసి నల్ల టేపు చుట్టి, చివర రెండు పిన్నుల ప్లగ్గు. చప్పట్లు కొడితే బల్బు వెలుగుతుంది. ఫోన్‌లో నొక్కితే ఆరుతుంది. అందరూ ఆహా అంటారు. ఆ పలక మీద స్క్రూల దగ్గర 230 వోల్టులు బట్టలు లేకుండా నిలబడి ఉందని ఎవరూ అనరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బడి బల్ల మీద రిలే తప్పకుండా ఉండాలి. 230 వోల్టులు ఉండకూడదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే తిప్పలన్నీ.

రిలే ఎందుకు ఉండాలో చెప్తాను. పదో తరగతిలో విద్యుదయస్కాంతత్వం పాఠం ఉంటుంది. ఆయర్‌స్టెడ్ ప్రయోగం, కుడి చేతి బొటనవేలి నియమం, సోలెనాయిడ్, ప్రేరిత విద్యుత్తు. పిల్లలు వీటిని విడివిడిగా బట్టీ కొడతారు. ఇవన్నీ కలిసి ఒక అగ్గిపెట్టె కంటే చిన్న డబ్బాలో పనిచేస్తూ కనపడేది రిలేలోనే. దీని పుట్టుక కూడా ఆ పాఠంలోంచే. అమెరికాలో జోసెఫ్ హెన్రీ అనే స్కూల్ మాస్టారు 1831లో మైలు పైన పొడవున్న తీగ చివర విద్యుదయస్కాంతంతో గంట కొట్టించాడు. దూరం పెరిగితే కరెంటు నీరసపడుతుంది కాబట్టి, 1835 ప్రాంతంలో ప్రిన్స్‌టన్‌లో ఆ నీరసపు కరెంటుతోనే ఇంకో పెద్ద సర్క్యూట్‌ని తెరిచి మూసే ఏర్పాటు చేశాడు. రిలే అంటే అదే. తర్వాత టెలిగ్రాఫ్ దాని మీదే ఖండాలు దాటింది.

అదే హెన్రీ, అంతకు కొంచెం ముందు 1832లో, పొడవాటి తీగ చుట్టని బ్యాటరీ నుంచి విడదీసినప్పుడు నిప్పురవ్వ ఎగరడం గురించి రాశాడు. తనలోని కరెంటు ఆగిపోతుంటే కాయిల్ ఒప్పుకోదు, ఎదురు తిరిగి పెద్ద వోల్టేజీ పుట్టిస్తుంది. స్వయం ప్రేరణ. ఇండక్టెన్స్‌కి ఆయన పేరే ప్రమాణంగా ఉంది. అంటే రిలేని తయారు చేసినవాడూ, రిలే కాయిల్ కొట్టే ఎదురుదెబ్బని చూపించినవాడూ ఒక్కడే. మన మోడళ్లలో మొదటి సగమే చూపిస్తున్నాం. టిక్ మనిపించి వదిలేస్తున్నాం.

ఇక 230 ఎందుకు వద్దో చూద్దాం. 'రిలే ఉందిగా, అది ఐసొలేషన్ ఇస్తుందిగా' అనేది నేను ఎక్కువగా వినే మాట. ఐసొలేషన్ ఇచ్చేది ఆర్డుయినోకి. ముట్టుకునే పిల్లకి కాదు. కాయిల్ వైపు 5 వోల్టులకీ, కాంటాక్టుల వైపు 230కీ మధ్య రిలే గోడ కడుతుంది, నిజమే. కానీ ఆ 230 ఎక్కడికీ పోలేదు, మాడ్యూల్ మీద మూడు స్క్రూల దగ్గరే ఉంది. మాడ్యూల్‌ని తిప్పి చూడండి. కింద టంకం చుక్కలు ఉంటాయి. వాటికి ఏ మూతా ఉండదు. తొమ్మిదో తరగతి పిల్లాడు 'ఎందుకు పనిచేయట్లేదు' అని బోర్డుని చేతిలోకి తీసుకుంటే వేళ్లు సరిగ్గా వాటి మీదే పడతాయి.

లెక్క చూద్దాం. ఒంటిలోంచి 1 మిల్లీ ఆంపియర్ పారితే చిమచిమ తెలుస్తుంది. 10 దాటితే కండరాలు బిగుసుకుని పట్టుకున్న తీగ వదలలేకపోవచ్చు. 30 దాటి కొంచెంసేపు ఉంటే గుండె లయకి ముప్పు. చెమట పట్టిన చేతి నుంచి పాదం దాకా నిరోధం సుమారు 1000 ఓమ్‌లు అనుకుంటే 230 వోల్టులకి పారేది 230 మిల్లీ ఆంపియర్లు. అదే 12 వోల్టులైతే చర్మం తన నిరోధాన్ని నిలబెట్టుకుంటుంది, పొడి చేతికి సాధారణంగా ఏమీ తెలియదు కూడా. ఎంసీబీ ఉందిగా అంటారు. 6 ఆంపియర్ల ఎంసీబీ 6 ఆంపియర్లు దాటితే గానీ పడదు. అది వైరింగ్ కాలిపోకుండా చూస్తుంది, మనిషిని చూడదు. మనిషి కోసం పెట్టేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. అది కూడా కరెంటు ఒంటి మీదుగా నేలకి పారితేనే పడుతుంది. ఒక చేయి ఫేజుకీ ఇంకో చేయి న్యూట్రల్‌కీ తగిలితే దానికి మనిషికీ బల్బుకీ తేడా తెలియదు.

దీనికి తోడు మా ముత్తుకూరు గాలి. సముద్రం పక్క ఊళ్లో ఇనప కిటికీ ఏమవుతుందో మాకు తెలుసు. ఉప్పు తేమ సర్క్యూట్ బోర్డునీ వదలదు. బోర్డు మీద 230 వైపుకీ 5 వోల్టుల వైపుకీ మధ్య ఉండే దూరం కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. ఆ ఖాళీలో దుమ్ము, ఉప్పు, తేమ పేరుకుంటే కరెంటు పాకడానికి దారి దొరుకుతుంది. స్క్రూలు తుప్పు పట్టి వదులైతే అక్కడ వేడెక్కుతుంది. పోయినేడు సైన్స్ ఫెయిర్‌కి చేసిన మోడల్‌ని అట్టపెట్టెలోంచి తీసి ఈ ఏడు మళ్లీ ప్లగ్ పెట్టడం అంటే ఇదంతా చూసుకోకుండా పెట్టడమే.

ఇంకొక విషయం ఉంది. ఇది భాషకి సంబంధించింది, కాబట్టి మన క్లబ్బు పట్టించుకోవాల్సింది. తెలుగులో మనం వోల్టేజీని కరెంటంటాం, కరెంటుని కరెంటంటాం, బిల్లుని కరెంటు బిల్లంటాం, షాక్ కొడితే కరెంటు కొట్టిందంటాం. మాట్లాడుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ బల్బు ఆరిపోగానే పిల్లలు "కరెంటు లేదన్నా ఇప్పుడు" అని హోల్డర్‌లో వేలు పెట్టబోతారు. వాళ్లన్నది ఒక అర్థంలో నిజమే, బల్బులో కరెంటు పారట్లేదు. వోల్టేజీ మాత్రం ఉండొచ్చు. ఎట్లాగంటే, రెండు పిన్నుల ప్లగ్గుని ఎటు తిప్పినా సాకెట్‌లో దూరుతుంది. ఒకలా పెడితే రిలే ఫేజుని తెంపుతుంది, హోల్డర్‌కి ఫేజు చేరదు. తిరగేసి పెడితే రిలే న్యూట్రల్‌ని తెంపుతుంది. బల్బు ఆరుతుంది గానీ ఫేజు మాత్రం హోల్డర్ దాకా వచ్చి కూర్చుని ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఆరిన బల్బుని నమ్మకూడదు, పీకిన ప్లగ్గునే నమ్మాలి.

మాడ్యూల్ మీద రాసే ఇంగ్లీషు పొట్టి అక్షరాల సంగతి ఇంకో తమాషా. ఎన్, ఓ పక్కపక్కన ఉంటాయి. ఒక బళ్లో ఎనిమిదో తరగతి పాప నన్ను అడిగింది, "ఇక్కడ నో అని రాసుంది కదన్నా, అంటే ఇందులో వైరు పెట్టకూడదనా?" నవ్వు రాలేదు నాకు. ఆ పాప చదివినట్టు చదవడమే సహజం. 'మామూలుగా తెరిచి ఉండేది' అని తర్జుమా చేసి చెప్తే ఇంకా గందరగోళం. ఎందుకంటే మనకి కుళాయి తెరిస్తే నీళ్లొస్తాయి, తలుపు తెరిస్తే మనుషులొస్తారు. సర్క్యూట్ తెరిస్తే మాత్రం కరెంటు ఆగుతుంది. సగం మంది పిల్లలు ఇక్కడే తిరగేసి కలుపుతారు, అనుకోనప్పుడు బల్బు వెలుగుతుంది. నేను అప్పటి నుంచి మూడు మాటలు వాడుతున్నాను. మధ్యది 'ఉమ్మడి'. కాయిల్‌కి కరెంటు లేనప్పుడు ఉమ్మడితో కలిసి ఉండేది 'జత'. విడిగా ఉండేది 'విడి'. కాయిల్‌కి కరెంటు ఇస్తే ఉమ్మడి జతని వదిలి విడిని పట్టుకుంటుంది. ఇంతే. ఇంతకంటే మంచి మాటలు మీ దగ్గరుంటే చెప్పండి, మార్చుకుందాం.

ఇక 12 వోల్టుల మీద నేను ఎప్పుడూ వినే అభ్యంతరాలు మూడు.

మొదటిది, 12 వోల్టుల ఎల్ఈడీ వెలిగిస్తే ఎవరు చూస్తారన్నా, పెద్ద బల్బు వెలిగితేనే మజా, అంటారు. దీనికి జవాబు మా ఊరి పక్కనే ఉంది. ముత్తుకూరు మండలం నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు మూడు. అక్కడి కరెంటు 400 కిలోవోల్టుల లైన్ల మీద వెళ్తుంది. అలాంటి చోట జనరేటర్‌కీ, ట్రాన్స్‌ఫార్మర్‌కీ, లైనుకీ కాపలా కాసేది రిలేలే. మరి ఆ రిలేలకి 400 కిలోవోల్టులు తగిలిస్తారా? ఎవరూ తగిలించరు. కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ వేల ఆంపియర్లని 1 ఆంపియర్‌కో 5 ఆంపియర్లకో దించుతుంది. పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని 110కి దించుతుంది. రిలే ఆ చిన్న నమూనానే చూసి, తప్పు పసిగట్టి, బ్యాటరీ డీసీతో బ్రేకర్‌ని పడగొడుతుంది. ఏసీ మొత్తం పోయినా రిలే పనిచేయాలి కాబట్టి దాని తిండి బ్యాటరీ నుంచి వస్తుంది. దేశంలోకెల్లా పెద్ద కరెంటుతో పనిచేసేవాళ్లే రిలే దగ్గరికొచ్చేసరికి చిన్నది చేసుకుని చూస్తున్నారు. పద్నాలుగేళ్ల పిల్లల బల్ల మీద మనం పెద్దది పెట్టి చూపించాలా? ప్లాంటు పొగగొట్టం కిటికీలోంచి కనపడే బళ్లో ఈ మాట చెప్పి చూడండి. పిల్లలు 12 వోల్టులని చిన్నచూపు చూడరు.

రెండో అభ్యంతరం, ఇంట్లో ఎలాగూ 230 వాడుతున్నారుగా, అని. వాడుతున్నారు. కానీ ఇంట్లో అది బోర్డు వెనక, ప్లాస్టిక్ వెనక, మూత వెనక ఉంటుంది. మిక్సీ స్విచ్ వేయడం వేరు, మిక్సీ ఊడదీసి తీగలు బయట పెట్టి స్విచ్ వేయడం వేరు. మన మోడల్ రెండోది.

మూడోది, మేమూ అలాగే చేశాం అన్నా, ఏం కాలేదు, అని. దీనికి వాదన ఏం చేస్తాం. ఏమీ కాకపోవడం జాగ్రత్తకి రుజువు కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన దగ్గర ఎలాగూ అలవాటే. అయితే నా భయం ఒక్క షాక్ గురించే కాదు. ఒక బళ్లో ఒక పిల్లకి చురుక్కుమంటే చాలు, మర్నాడు హెచ్ఎం గారు కిట్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఆయన్ని తప్పు పట్టలేం, తల్లిదండ్రులకి జవాబు చెప్పాల్సింది ఆయనే. ఆ తాళం ఇంక తెరుచుకోదు. సైన్స్ పీరియడ్ మళ్లీ బోర్డు మీద బొమ్మ, కింద నోట్సు అయిపోతుంది. మోడల్ చేసిచ్చి మనం బస్సెక్కి వచ్చేస్తాం. నష్టం మాత్రం తర్వాతి బ్యాచ్‌లన్నిటికీ.

వద్దు అని ఊరుకుంటే సరిపోదు కాబట్టి ఏం చేయొచ్చో కూడా చెప్తాను. నేను బళ్లలో చూపించేవి రెండే ప్రయోగాలు.

మొదటిది ఎదురుదెబ్బ ప్రయోగం. మాడ్యూల్ వద్దు, విడి రిలే తీసుకోండి, 12 వోల్టులది. మాడ్యూల్‌లో డయోడ్ ముందే ఉంటుంది కాబట్టి ఈ ఆట దాంతో కుదరదు. వైఫై రౌటర్‌కి వచ్చేలాంటి 12 వోల్టుల అడాప్టర్, బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు ఉన్నది, దారిలో 1 ఆంపియర్ ఫ్యూజు. కాయిల్‌కి వెళ్లే కరెంటుని ఆ రిలే ఉమ్మడి, జత కాంటాక్టుల మీదుగానే పంపించండి. కరెంటు రాగానే రేకు లాగబడుతుంది, లాగబడగానే తన కరెంటుని తనే తెంపుకుంటుంది, తెగగానే వెనక్కి వస్తుంది, మళ్లీ కరెంటు. బర్‌ర్‌మని మోగుతుంది. కాలింగ్ బెల్లు పాఠం అయిపోయింది. ఇప్పుడు కాయిల్ రెండు చివర్లకీ స్విచ్‌బోర్డు ఇండికేటర్‌లో ఉండే నియాన్ దీపాన్ని తగిలించండి. అది వెలగాలంటే 70 నుంచి 90 వోల్టులు కావాలి. మన దగ్గరున్నది 12. అయినా వెలుగుతుంది! ఆ వోల్టులు ఎక్కణ్ణించి వచ్చాయో పిల్లల్నే అడగండి. ఆ నిమిషంలో క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది, ఆ నిశ్శబ్దం కోసమే నేను వెళ్తుంటాను.

తర్వాత కాయిల్‌కి అడ్డంగా ఒక డయోడ్, 1ఎన్4007, గీత ఉన్న వైపు ప్లస్‌కి వచ్చేట్టు పెట్టండి. దీపం ఆరిపోతుంది. కాయిల్ కరెంటుకి తిరగడానికి దారి దొరికింది, ఎదురుదెబ్బ ఒక వోల్టుకి అటూ ఇటూ దగ్గర ఆగిపోయింది. చెవి పెట్టి వింటే మోత కూడా బొంగురుపోతుంది, ఎందుకంటే కరెంటు మెల్లగా తగ్గుతోంది, రేకు ఆలస్యంగా వదులుతోంది. డయోడ్ ట్రాన్సిస్టర్‌ని కాపాడుతుంది, బదులుగా రిలేని కొన్ని మిల్లీ సెకన్లు బద్ధకిస్తుంది. డయోడ్ తిరగేసి పెడితే సప్లై షార్ట్ అవుతుంది, ఫ్యూజు అందుకే. దీపం వెలుగుతున్నప్పుడు కాయిల్ చివర్లు ఎవరూ ముట్టుకోకూడదు. 12 వోల్టుల సర్క్యూట్‌లో కూడా కాయిల్ తెగే క్షణంలో చురుక్కుమనిపించేంత వోల్టేజీ ఉంటుందని ఆ దీపమే చెప్తోంది కదా. హాస్టళ్లలో బ్యాటరీకి రిలే కట్టి నలుగురి చేతులు పట్టించి షాక్ ఇచ్చే సరదా ఒకటి ఉంది. ఎవరి గుండె ఎలాంటిదో మనకి తెలియదు. ఆ సరదా వద్దు.

ఈ ప్రయోగం చూసినవాళ్లకి ఇంకొన్ని సంగతులు వాటంతటవే ఎక్కుతాయి. 5 వోల్టుల రిలే కాయిల్ నిరోధం సుమారు 70 ఓమ్‌లు, అంటే 70 మిల్లీ ఆంపియర్ల పైన కావాలి. ఆర్డుయినో యూనో పిన్ను ఇవ్వదగ్గది 20, గరిష్ఠంగా 40. అందుకని మధ్యలో ట్రాన్సిస్టర్. రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటే అది హీటర్ లాంటి లోడుకి. ఫిలమెంట్ బల్బు చల్లగా ఉన్నప్పుడు నిరోధం పదో వంతు కూడా ఉండదు, మోటారు స్టార్టింగ్‌లో ఐదారు రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకి కాంటాక్టులు కరిగి అతుక్కుపోవచ్చు. అప్పుడు కాయిల్ ఆపినా స్విచ్ ఆగదు. రిలే టిక్ మంది కాబట్టి ఆఫ్ అయింది అనుకోకూడదు అనడానికి ఇది ఇంకో కారణం.

రెండో ప్రయోగం మా ఊరికి పనికొచ్చేది. ముత్తుకూరు చుట్టూ రొయ్యల గుంటలు. 2009లో వనామి రొయ్యకి మన దేశంలో అనుమతి వచ్చాక ఇవి ఇంకా పెరిగాయి. ఫిషరీస్ కాలేజీ కూడా ముత్తుకూరులోనే ఉంది. గుంట నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువ. అప్పుడు కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, కాపలా మనిషి నిద్రలో ఉంటే, పంట పోయినట్టే. దీనికి పిల్లలు చేయగల మోడల్: షెడ్డులో అడాప్టర్ ప్లగ్గులో ఉంటుంది, దాని 12 వోల్టులు రిలే కాయిల్‌కి వెళ్తాయి. 9 వోల్టుల బ్యాటరీ, బజరు జత కాంటాక్టు మీదుగా. కరెంటున్నంతసేపూ కాయిల్ లాగి పట్టుకుంటుంది, బజరు మూగ. కరెంటు పోగానే స్ప్రింగు వదులుతుంది, బజరు మోగుతుంది. త్రీ ఫేజులో ఒక్క ఫేజు పోయినా తెలియాలంటే ఫేజుకొక అడాప్టర్, ఒక రిలే, మూడు జత కాంటాక్టులూ సమాంతరంగా. వాటికి మూడు సాకెట్లూ ఎలక్ట్రీషియన్ చేత పెట్టించాలి, పిల్లల చేత కాదు. బల్ల మీద పిల్లలు ముట్టుకునేదంతా 12 వోల్టులే.

ఇందులో అన్నిటికంటే పెద్ద పాఠం బజరు కాదు, జత కాంటాక్టు ఎంచుకోవడం. 'ఈ వస్తువు పాడైతే ఏ స్థితిలో ఆగాలి?' అనే ప్రశ్న. అడాప్టర్ చచ్చినా, కాయిల్ తెగినా, వైరు ఊడినా బజరు మోగుతుంది. తప్పుడు మోతకి ఒకసారి లేవడం, నిజం మోత వినపడకపోవడం కంటే నయం. అయితే బ్యాటరీ అయిపోతే మోగదు, కాబట్టి వారానికోసారి ప్లగ్గు పీకి చూడాలి. ఈ మోడల్ చూసిన మా ఊరి రైతు ఒకాయన తన మోటారు స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలే గురించి ఇలా అన్నాడు: "రిలే కొట్టిందంటే తిట్టుకోకూడదబ్బయ్యా, మోటారు బతికిందనుకోవాల." సేఫ్టీ క్లాసులో మనకి నాలుగు స్లైడ్లలో చెప్పేది ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు.

ఎప్పుడైనా 230 చూపించక తప్పదనుకుంటే దానికీ పద్ధతి ఉంది. పెద్దవాళ్లు చేయాలి. రిలే మూత ఉన్న డబ్బాలో ఉండాలి, బయటికి మూడు పిన్నుల సాకెట్ మాత్రమే కనపడాలి. ముందు ఆర్‌సీసీబీ, ఫ్యూజు, సరైన ఎర్తింగు. తెంపాల్సింది ఫేజుని. వైర్లు మార్చాలంటే ప్లగ్గు పీకాకే. పిల్లలు కాయిల్ వైపు తీగలే ముట్టుకోవాలి. ఇవన్నీ కుదరవంటే ఆ రోజుకి 12 వోల్టుల ఫ్యాను తిప్పండి. పాత కంప్యూటర్‌లోది చాలు. 12 వోల్టులకి కూడా మర్యాద ఇవ్వాలి సుమా. బైకు బ్యాటరీని నేరుగా షార్ట్ చేస్తే తీగ ఎర్రగా కాలుతుంది, చేయి కూడా కాలుతుంది. అందుకే బ్యాటరీ అయినా ఫ్యూజు తప్పనిసరి.

క్లబ్బు మిత్రులకి నా ప్రతిపాదన ఒక్కటే. ఈ ఏడాది సైన్స్ దినోత్సవానికి బళ్లకి వెళ్లేముందు ఒక పేజీ తెలుగు షీటు తయారు చేద్దాం. ఒక వైపు ఈ రెండు సర్క్యూట్ల బొమ్మలు, ఉమ్మడి, జత, విడి అని పేర్లతో. ఇంకో వైపు ఐదే ఐదు వాక్యాలు. బల్ల మీద 24 వోల్టులు దాటొద్దు. ఆరిన బల్బుని నమ్మొద్దు. ప్లగ్గు పీకాకే ముట్టుకో. కాయిల్‌కి డయోడ్, దారికి ఫ్యూజు. పాడైతే ఏమవుతుందో ముందే అడుగు. ఈఈఈ వాళ్లు సర్క్యూట్లు సరిచూడండి. మిగతా బ్రాంచ్‌ల వాళ్లు చదివి, అర్థం కాని చోట గీత గీయండి, ఎందుకంటే మీకు అర్థం కానిది ఎనిమిదో తరగతికి అసలు అర్థం కాదు. "వర్కింగ్ మోడల్ చేసిపెట్టన్నా" అని ఫోన్ వస్తే ఒప్పుకోండి. చేసివ్వడం కాదు, ఈ షీటు పట్టుకెళ్లి పిల్లల పక్కన కూర్చుని వాళ్ల చేతే చేయించండి.